టీచర్ చూపిన కందిరీగ

మా సైన్స్ టీచర్ ఆసుపత్రిలో పోయారని కింది అంతస్తు ఆవిడ మెట్ల దగ్గర నిలబడి అరిచి చెప్పింది. పైకి రావడానికి భయపడింది. కబురు విని నేను ఏడవలేదు. ముందు చేతులు కడుక్కున్నాను. ఎందుకో నాకే తెలియదు.

సూరత్‌లోని తెలుగు మీడియం బడిలో టీచర్ నాకు పాఠం చెప్పారు. తప్పు జవాబు చెబితే కోప్పడేవారు కాదు. "ఏం చూసి అట్లనుకున్నవ్?" అని అడిగేవారు. రిటైరయ్యాక ఆ ఊళ్ళోని కోసాడ్‌లో మా బిల్డింగులోనే, మా పై అంతస్తులో ఒంటరిగా ఉండేవారు.

మొదటి లాక్‌డౌన్‌లో నా భర్త పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడింది. నేను ఇంట్లో చీరలకు రాళ్ళు అతికించే పనీ ఆగింది. తెలంగాణకు వెళ్ళిపోదామా, ఉందామా అని ఇంట్లో రోజూ గొడవే. భరించలేక ఒక పొద్దున కిందికి దిగాను. బిల్డింగు వెనక ఇసుక కుప్ప దగ్గర టీచర్ గొంతుక్కూర్చుని ఉన్నారు.

"జర మెల్లగ రా బిడ్డా. చప్పుడు చెయ్యకు."

ఇసుకలో చిన్న బొరియ. చుట్టూ ఆవిడ పేర్చిన సోడా సీసాల మూతలు. బొరియలోంచి ఒక కందిరీగ బయటికొచ్చి, అటూ ఇటూ ఊగుతూ వెనక్కి ఎగిరింది.

"చూసినవా? మొకం ఇంటి దిక్కే పెట్టి పోతది. ఏ గుర్తు ఏడున్నదో కండ్లల్ల పెట్టుకుంటది."

అది వెళ్ళాక మూతలన్నీ అదే వరుసలో జానెడు పక్కకు జరిపారు. కాసేపటికి ఓ పురుగును మోసుకొచ్చిన కందిరీగ సరిగ్గా మూతల నడుమ వాలింది. అక్కడ బొరియ లేదు. లేచింది, మళ్ళీ అక్కడే వాలింది. నాకు నవ్వొచ్చింది. టీచర్ నవ్వలేదు. గబగబా మూతల్ని పాత చోట పెట్టేశారు.

"మనకు సమజైంది, చాలు. ఇంక దాన్ని సతాయించొద్దు."

మేము ఊరికి పోలేదు. ఆ ఎండాకాలం రోజూ పొద్దున ఇద్దరం ఎడంగా కూర్చుని కందిరీగల్ని చూసేవాళ్ళం. ఆ కాసేపే నాకు ఊపిరాడేది.

ఈ ఏడాది కరోనా మళ్ళీ పెరిగినప్పుడు టీచర్‌కు జ్వరం వచ్చింది. పొద్దున్నే ఫోన్ చేశారు. "జర గంజి కాసి తలుపు కాడ పెట్టిపోతవా?"

మా అత్త అడ్డుపడింది. "ఇంట్ల పసిపిల్ల ఉన్నది. నీకేమన్న సోయి ఉన్నదా?"

సాయంత్రానికి గాని కదలలేకపోయాను. గిన్నె గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండానే వచ్చేశాను. తడితే ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడతారని భయం. ఫోనైనా చేయలేదు. మర్నాడు అంబులెన్స్ వెళ్ళాక చూస్తే గంజి అలాగే ఉంది. తెచ్చానని ఆ రాత్రంతా ఆవిడకు తెలియనే తెలియదు.

అంబులెన్స్ వచ్చినప్పుడు టీచర్ తనే నడిచి మెట్లు దిగారు. బండి ఎక్కుతుంటే ఒక చెప్పు జారిపోయింది. ప్లాస్టిక్ దుస్తుల్లో ఉన్న మనిషి దగ్గరికి రాలేదు. ఆవిడ బండి తలుపు పట్టుకుని, చెప్పు కోసం ఉత్తి కాలితో మళ్ళీ మళ్ళీ అక్కడే నేలను తడుముతున్నారు. నేను కిందికి దిగకుండా కిటికీలోంచి చూస్తూ ఉన్నాను.