దయ్యం చీరకు నలభై తూట్లు

ఉదయం ఆరూ నలభైకి గుత్తిలో ధర్మవరం వైపు రైలెక్కినప్పుడు నా దగ్గర ఉన్నవి: ఖాళీ సంచి, నీళ్ల సీసా, ఫోన్, ఒక ఫొటో, దానిమీద ఎర్రసిరాతో ఒకటి నుంచి నలభై దాకా అంకెలు. ఎదుటి సీట్లో శనక్కాయలు ఒలుచుకుంటున్న ఒక అవ్వ.

ఫొటో మేం తీస్తున్న భారీ వెబ్ సిరీస్‌లోని రాణి దయ్యం చీరది, కంప్యూటర్‌లో తయారుచేసిన నమూనా. మూడు వందల ఏళ్ల కిందట పెళ్లిపీటల మీదే చనిపోయిన రాణి, అదే చీరతో పాడుబడ్డ కోటలో తిరుగుతుంది. చీర చీకిపోయి ఉండాలి. దాని నలభై తూట్లలోంచీ పొగ రావాలి. కంప్యూటర్‌లో ఆ పొగ పుట్టించడం నా పని. నాకు విడిగా అప్పగించిన మొదటి సన్నివేశం ఇదే. మర్నాడు పొద్దున గుత్తి కోట మీద చిత్రీకరణ. ఆలోగా చీర రాకపోతే సన్నివేశమే తీసేస్తానని దర్శకుడు చెప్పేశాడు.

"ఏమప్పా, ఎలుకలు కొట్టినాయా?" ఫొటో చూసి అవ్వ అడిగింది.

"దయ్యం చీర, అవ్వా."

"దయ్యానికి పట్టుచీరా! బతికుండే మాకు నూలుదే గతి," అని నవ్వి గుప్పెడు శనక్కాయలు నా చేతిలో పోసింది.

ధర్మవరంలో దిగేసరికి ఎనిమిదీ యాభై. స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, ఆటోలో నేతగాడు ఓబులేసు ఇంటికి వెళ్లాను. నెలన్నర కిందట, అంకెలు వేయకముందు, ఈ ఫొటోనే పంపి చీర నేయమన్నాం. ఆయన మడత విప్పాడు. బూడిదరంగు పట్టు, వెండి జరీ అంచు. ఒక్క తూటు లేదు.

"అన్నా, తూట్లేవి?"

"ఫొటోలో చీర పాడైపోయిండాది గదప్పా. నేను సరిచేసి నేసినా," అన్నాడు గర్వంగా.

సంగతి చెప్పి కత్తెర అడిగాను. ఆయన భార్య నారాయణమ్మ చీర లాక్కుంది. "నెల్లాళ్లు కూర్చోని నేసింది చించనిస్తామా? నీ దయ్యాలు ఈడ కాదు, కోటలో చూసుకోపో!"

ఓబులేసు ఫొటోను కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. "చించేది వద్దు. నేతలో తప్పు పడితే అడ్డపోగులు పీకుతాం గదా, అట్లే పీకుదాం. నిలువుపోగులు నిలుస్తాయి. చూస్తే చీకినట్లే ఉంటాది."

దానికి నారాయణమ్మ సరేనంది. పదిన్నరకు ముగ్గురం సూదులు పట్టుకున్నాం. ఒక తూటుకు ఓబులేసుకు ఇరవై నిమిషాలు, నాకు ముప్పై ఐదు.

"ఇంజనీరు చదివినావంట, పోగు కనపడలేదా?" అంది నారాయణమ్మ. అయినా ఒంటిగంటకు రాగిసంగటి, శనక్కాయల ఊరుబిండి పచ్చడి ఆమే వడ్డించింది.

నాలుగింటికి ఒక్కటే మిగిలింది, కొంగు చివరిది. సరిగ్గా అక్కడే ఆమె పసుపు పెట్టి ఉంది.

"కొత్తచీరకు పెట్టినా. కట్టేది దయ్యం కాదు గదా నాయనా, యాడిదో ఆడపిల్ల. ఆ పసుపు మీద సూది పెట్టనీను."

సూది పక్కన పెట్టి చీర మడిచాను. ఐదూ పదికి తిరుగు రైలెక్కాను. రాణి చీరకు పచ్చని బొట్టు! దర్శకుడికి ఏం చెప్పాలి? మా సెట్లో వాడేది నీలి వెలుగు. ఫోన్ తెరను నీలిరంగు చేసి కొంగు మీద పట్టాను. పసుపు నల్లబడింది, అచ్చం ఎండిన నెత్తురే. ఫొటో తీసి పంపాను. అనంతపురం రాకముందే జవాబు: "ఈ మరక ఎవరి ఆలోచన? బాగుంది. సన్నివేశం ఉంటుంది."

నారాయణమ్మగారిదని రాశాను.

ధర్మవరం వెళ్లేవారికి ఒకటే మాట: మగ్గం దగ్గర కత్తెర ఊసెత్తకండి. గుత్తి వచ్చేలోపు చీర మరోసారి లెక్క చూశాను. తూట్లు ముప్పై తొమ్మిది. పసుపు బొట్టు ఒకటి.