అరగంట మెకానిక్, అగ్గిపెట్టె కెమెరా

ఎవరు ఏ కుట్టుమిషను తెచ్చి బల్ల మీద పెట్టినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే: అరగంటలో అయిపోతుంది. ఆ అరగంట రెండు గంటలు పట్టేది, ఒక్కోసారి రెండు రోజులూ పట్టేది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన ఆ మాట మార్చలేదు, వీధిలో వాళ్లు ఆయనకు పెట్టిన పేరూ మార్చలేదు. కుట్టుమిషన్ల మెకానిక్ ఇల్లెక్కడ అంటే బుర్ర గోక్కునేవాళ్లు కూడా, అరగంట ఇల్లెక్కడ అంటే గుమ్మం దాకా దిగబెట్టి వచ్చేవాళ్లు.

పద్దెనిమిదో ఏట మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో ముక్క బిగించే పని. ఆయన పని, సూది కింద గుడ్డను అదిమిపట్టే పాదం బిగించడం. రోజుకు రెండువందల పాదాలు బిగించి, తన భోజనం వేళ మిగతావాళ్ల వెనకాల నిలబడి వాళ్ల పని కూడా చూసి నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున మొత్తం మిషను విప్పి బిగించడం వచ్చినవాడు ఆయనొక్కడే. అద్దె ఇంటి ముందుగదిలో, కిటికీ కింద ఒక బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆయన వెనక, లోపలి గుమ్మానికి ఆనుకుని, భార్య చొక్కాలకు కాజాలు కుట్టేది. ఆయన ముఖం కిటికీ వైపు, ఆవిడ ముఖం గుమ్మం వైపు. వాళ్ల కాపురంలో సగం ఇలా ఒకరికొకరు వీపు పెట్టుకునే గడిచింది.

ఫ్యాక్టరీలో అంటిన అలవాటు ఒకటి ఆయనను వదల్లేదు. మిషను ఊడదీసేటప్పుడు ప్రతి ముక్కనూ పేరు పెట్టి పైకి చెప్పేవాడు. "పాదం వచ్చింది. పాదం మర వచ్చింది. పళ్ల పలక వచ్చింది." చెప్పిన ముక్కను తెల్లగుడ్డ మీద ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టేవాడు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వచ్చేవాడు. పైకి చెబితే బుర్రలో కూర్చుంటుందని ఆయన నమ్మకం. వచ్చినవాళ్లు నవ్వుకునేవాళ్లు, మిషనుకు హాజరు వేస్తున్నాడని.

అరవై దాటాక ఆ హాజరులో ఖాళీలు వచ్చాయి. ముక్క చేతిలో ఉంటుంది, పేరు నాలుక మీదికి రాదు. గుడ్డ మీద వరస ఉన్నా, ఎటు నుంచి మొదలుపెట్టాడో తేలదు. ఒకసారి బిగించడం పూర్తయ్యాక రెండు మరలు మిగిలిపోతే చప్పుడు కాకుండా జేబులో వేసుకున్నాడు. ఆ రోజు ఆయనకు నిజంగా భయం వేసింది. వేరే పని రాదు, ఈ పని పోతే తను ఎవరో తనకే తెలియదు. ఈ సంగతి భార్యకు మాత్రం తెలియకూడదని గట్టిగా అనుకున్నాడు.

దానికి తోడు ఆ వానాకాలంలోనే ఆవిడకు దగ్గు పట్టుకుంది. ఆయన పనిలో తలమునకలై ఉన్నప్పుడే ఖళ్లుఖళ్లున దగ్గేది. దగ్గు చాలదన్నట్టు సందేహాలొకటి. బాబిన్ డబ్బీ తుడిచారా, స్ప్రింగు ఎగిరిపోకుండా చూస్తున్నారా అని. కాజాలు కుట్టుకునే మనిషికి స్ప్రింగుతో ఏం పనో ఆయనకు అర్థమయ్యేది కాదు. చిరాకుపడుతూనే మందుల షాపుకు వెళ్లి దగ్గుమందు తెచ్చాడు. ఒక సీసాతో లొంగలేదు, నాలుగు సీసాలు పట్టించాడు.

అప్పుడే బస్టాపు దగ్గర, చెవిలో పెట్టుకునే వైర్లూ టార్చిలైట్లూ అమ్మేవాడి దుప్పటి మీద ఆ కెమెరా కనిపించింది. అగ్గిపెట్టెలో సగం ఉంది. తాళంచెవుల గుత్తికి తగిలించుకోవడానికి రింగు, వెనక తపాలా బిళ్లంత తెర, లోపల ఒక సన్న సెల్లు. ఫోన్లలో కెమెరాలు ఇంకా అందరికీ రాని రోజులవి. దీనికి రీలు అక్కర్లేదు, కడిగించక్కర్లేదు, తీసిన బొమ్మ అక్కడికక్కడే చూసుకోవచ్చని ఆ అమ్మేవాడు ఊదరగొట్టాడు. అన్నిటికన్నా ఆయనకు నచ్చింది, అది గుప్పిట్లో ఇమిడిపోవడం. గుప్పిట్లో ఉన్నది భార్యకు కనబడదు.

చవక వస్తువుకు ఉండాల్సిన గుణాలన్నీ దానికి ఉన్నాయి. జానెడు దూరంలోకి వస్తే బొమ్మ అలుక్కుపోయేది. దీపం వెలుతురులో తీస్తే అంతా మసే. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆలోచించుకుని అప్పుడు తీసేది, ఈలోగా ఆయన చెయ్యి కదిలిపోయేది. మొదటి వారం తీసిన వాటిలో సగం ఆయన బొటనవేలే. తేదీ ఎప్పుడు చూసినా ఏడాదిలో మొదటి రోజే. అన్నీ భరించాడు. దూరం పెంచాడు, కిటికీకి దగ్గరగా జరిగాడు, ఊపిరి బిగబట్టి నొక్కడం నేర్చుకున్నాడు. ఆయనకు కావలసింది అందమా ఏమన్నానా, దేని తరవాత ఏది వచ్చిందో తెలిస్తే చాలు.

ఇక పైకి చెప్పడం మానేశాడు. తెల్లగుడ్డ పరవడం మానేశాడు. ఊడిన ముక్కను ఊడినట్టు కిరోసిన్ గిన్నెలో పడేసి, చివరకు తెర చూసుకుంటూ బిగించేవాడు. మొదటిసారి అరగంట పని అరగంటలో అయింది. విచిత్రం ఏమిటంటే, కెమెరా వచ్చిన వారానికే ఆవిడ దగ్గు కూడా తగ్గిపోయింది. నాలుగో సీసా చేసిన పనేనని ఆయన వచ్చినవాళ్లందరికీ ఆ మందు పేరు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయనకు మరో అలవాటు ఉంది. వాడని వస్తువులో సెల్లు ఉంచడు. ఉంచితే కారి, లోపలంతా పాడుచేస్తుంది. టార్చి, రేడియో, ఏదైనా సరే, పని కాగానే సెల్లు తీసి కాగితంలో చుట్టాల్సిందే. కెమెరాకూ అదే చేసేవాడు. సెల్లు తీస్తే లోపలి బొమ్మలు పోతాయని దానితో ఇచ్చిన కాగితంలో చీమతలకాయంత అక్షరాలతో రాసి ఉంది. ఆ కాగితాన్ని ఆయన మరలు పొట్లం కట్టడానికి వాడేశాడు. కెమెరా వచ్చాక ఏ రోజు విప్పిన మిషను ఆ రోజే బిగించేవాడు కనుక, సాయంత్రానికి బొమ్మలు పోయినా ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది.

ఒక శుక్రవారం వీధి చివరి టైలరమ్మ తన పాత మిషను తోపుడుబండి మీద తెచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆయన చేతి మీద నడుస్తున్న మిషనే. చక్రం పట్టేస్తోంది. బడి పిల్లల యూనిఫారాలు సోమవారానికి ఇవ్వాలట, రేపు మధ్యాహ్నానికి మిషను తన చేతికి రాకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్లిపోతుందట.

"ఈ ఒక్కసారికి నిజంగా అరగంట అను అన్నయ్యా," అంది.

అరగంటేనన్నాడు. విప్పి చూస్తే లోపలి పెద్ద కడ్డీ తిరిగే బుష్షు అరిగిపోయింది. మొత్తం ఊడదీయాల్సి వచ్చింది. నలభై మూడు ముక్కలు, నలభై మూడు బొమ్మలు. కొత్త బుష్షు మర్నాడు పొద్దున్నగాని దొరకదన్నారు. ఆయన ముక్కల్ని కిరోసిన్‌లో వదిలేసి, చేతులు కడుక్కుని, బుద్ధిగా కెమెరాలోంచి సెల్లు తీసి కాగితంలో చుట్టాడు.

శనివారం తొమ్మిదింటికి బుష్షు తెచ్చి, సెల్లు వేసి, బటన్ నొక్కాడు. తెర మీద సున్నా కనిపించింది. మళ్లీ నొక్కాడు, సున్నా. సెల్లు తీసి ప్యాంటుకు తుడిచి మళ్లీ వేశాడు. సున్నాయే.

చాలా రోజుల తరవాత తెల్లగుడ్డ పరిచాడు. ముక్కలన్నీ తీసి పెట్టాడు. ప్రతిదీ ఏ చోట ఎంత అరుగుతుందో వేళ్లకు తెలుసు. ఏది ముందో తెలియదు. గుర్తున్నట్టు అనిపించిన వరసలో పది ముక్కలు బిగించాడు, చక్రం కదల్లేదు. విప్పాడు. మరో వరసలో ఎనిమిది బిగించాడు, ఒక ముక్క పట్టే చోటే లేకుండా పోయింది. పదకొండయింది. బుష్షు దొరకలేదని టైలరమ్మకు చెప్పేద్దామా అనుకున్నాడు. ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాడు. ఈ అబద్ధం చెప్పాక ఇక బల్ల ఎత్తేయడమే మర్యాద అని కూడా అనుకున్నాడు. బిగించిన ఎనిమిదీ మళ్లీ విప్పి గుడ్డ మీద పెట్టాడు.

వెనక ఆవిడ దారం కొరికిన చప్పుడైంది.

"ఊడదీసిన వరసలో చెప్పమంటారా, బిగించే వరసలో చెప్పమంటారా?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. తిరిగి చూస్తే ఆవిడ వీపే కనిపించింది. తల వంచుకుని కాజా కుడుతూనే ఉంది. ఆయన బిగించే వరసలో చెప్పమన్నాడు.

"ముందు బుష్షు. తరవాత పెద్ద కడ్డీ. కడ్డీకి వెనక కాలరు. కాలరు మరలు రెండు. తరవాత ఏదో కొక్కి అంటారు మీరు, అది ఎలా ఉంటుందో నాకు తెలీదు."

కొక్కి ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. తీసి బిగించాడు. ఆవిడ చెబుతూ పోయింది, ఆయన బిగిస్తూ పోయాడు. ఒక్క ముక్క కూడా ఆవిడ ఏనాడూ ముట్టుకుని ఎరగదు. ఒక చోట మాత్రం ఆగింది. అక్కడ స్ప్రింగుకు ముందు ఆయన 'ఇదొకటి' అంటారని, దాని పేరు ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదని అంది. అది ఒక సన్న బిళ్ల. దాని పేరు ఆయనకు ఫ్యాక్టరీలో కూడా ఎవరూ చెప్పలేదు. ఆయనకు నవ్వొచ్చింది.

పన్నెండున్నరకు చక్రం తిరిగింది. గుడ్డ మీద ఏమీ మిగల్లేదు. టైలరమ్మ వచ్చి, ముక్కగుడ్డ మీద బారెడు కుట్టు వేసి చూసుకుని, అడిగిన వేళకు తన మిషను ఇచ్చిన ఘనత అన్నయ్యకు మొదటిసారి దక్కిందని వదినతో చెప్పి వెళ్లింది.

టైలరమ్మ వెళ్లాక ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"బాబిన్ డబ్బీ దగ్గరకొచ్చి అదీ, అదీ అన్నారే, అప్పట్నుంచి."

"చెప్పలేదేం?"

"దగ్గాను కదా."

అప్పుడు ఆ వానాకాలం అంతా ఆయన కళ్ల ముందుకొచ్చింది. తను ఎక్కడ ఆగాడో అక్కడే దగ్గు. దగ్గు వెనకే సందేహం. సందేహంలో తను వెతుకుతున్న ముక్క పేరు.

"మరి ఆ మందు?"

"తాగాను. మీరు కొనితెచ్చారుగా."

"నాలుగు సీసాలూ?"

"మూడోది కాస్త నయం. తీపిగా ఉండేది."

ఆయనకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. కిరోసిన్ గిన్నె తీసుకెళ్లి కడిగాడు.

సోమవారం ఇంకో మిషను వచ్చింది. అరగంటలో అయిపోతుందన్నాడు. కెమెరా సెల్లు లేకుండా తాళంచెవుల గుత్తికి వేలాడుతోంది. తెల్లగుడ్డ పరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పాదం వచ్చింది, పాదం మర వచ్చింది, పళ్ల పలక వచ్చింది. ఆరో ముక్క దగ్గర ఆగిపోయాడు. ముక్క చేతిలోనే ఉంది.

వెనక ఆవిడ దగ్గింది.

"దగ్గొద్దు," అన్నాడు ఆయన కిటికీ వైపే చూస్తూ. "పేరు చెప్పు, చాలు."