ఆకు మెత్తబడేంత సేపు

"అవి నా ఆకులు. ఎవర్ని అడిగి తీసినవ్?"

"ఇంట్ల ఉన్న ఆకు తియ్యనీకి ఎవర్ని అడగాలె అత్తమ్మా? నీ ఆకు, నా ఆకు అని ఎప్పట్నుంచి?"

"రాయి పెట్టి ఉంచిన గదా. రాయి కనపడలే నీకు?"

"కనపడ్డది. రాయి తీసిన, ఆకు తీసిన, నీళ్ళు చల్లిన, కుట్టిన, ఆటోల పంపిన. తెల్లారేసరికి ఆటో పంపిస్తమని పెండ్లోళ్ళు కబురు పెడితే ఏం చెయ్యమంటవ్? సంతకు ఆకు రాలే. నువ్వు చూస్తే జూలూరుపాడుల కూసుంటివి."

"కూసోలే. చెల్లెకు జ్వరమొస్తే పోయిన."

"అవ్, పోయినవ్. నేను వద్దన్ననా? పురుగు తిన్న ఆకు సుత పారెయ్యనియ్యవు నువ్వు. గసొంటిదానివి గంత ఆకు మూలకు పెట్టి పోతివి. కుట్టనీకి పెట్టినవ్ అనుకోవాల్నా, చూసుకుంట కూసోనీకి పెట్టినవ్ అనుకోవాల్నా?"

చేతిసంచి ఇంకా భుజానికే ఉంది. చెల్లెలి ఊరి నుంచి పొద్దున మొదటి బస్సుకు దిగి, ఇంట్లో కాలు పెట్టగానే మూలలో రాయి ఒక్కటే కనపడింది. దాని కింద ఆకులు లేవు. మంచినీళ్ళు కూడా తాగకుండా కోడలి మీద పడ్డాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. బూర్గంపాడు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. కొడుకు కాగితాల మిల్లుకు పోయే లారీల మీద లోడింగు పని చేసేవాడు. నేనూ కోడలూ విస్తరాకులు కుట్టేవాళ్ళం. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు సంతకు అడ్డాకు మోపులు తెచ్చేవాళ్ళు. తీగకు వచ్చే వెడల్పాటి ఆకు అది. వెదురు పుల్లలు సన్నగా చీరి, ఆకుకు ఆకు కలిపి కుడితే విస్తరి అవుతుంది. అప్పటికే పెళ్ళిళ్ళలో వెండి రంగు పూత వేసిన కాగితం ప్లేట్లు దిగాయి. నిలబడి తినే భోజనాలు మొదలయ్యాయి. ఆకుల్లో పెట్టాలనే ఇళ్ళు తగ్గుతున్నాయి కనుక, వచ్చిన ఒక్క ఆర్డరు పోగొట్టుకోకూడదని కోడలికి నేర్పింది నేనే.

ఎండిన అడ్డాకు పెళుసుగా ఉంటుంది. మడిస్తే విరుగుతుంది. అందుకని తెల్లవారుజామున లేచి నీళ్ళు చల్లి, పైన తడి గోనెపట్టా కప్పి పెడతాం. మెత్తబడడానికి కొంత సేపు పడుతుంది. ఆ సేపట్లో కుట్టడానికి లేదు, పొయ్యి ముట్టించడానికి ఇంకా వేళ కాదు. రోజు మొత్తంలో నా చేతులకు పని లేనిది ఆ కాసేపే.

ఆ కాసేపట్లో నేను రాసుకునేదాన్ని.

మూడో తరగతి పూర్తి కాకుండానే బడి మాన్పించారు నన్ను. రాయడం వచ్చు కానీ రాయవలసిన పని ఎన్నడూ పడలేదు. నా భర్త పోయిన తర్వాత ఒక పొద్దున, మోపులో ఇంకా పచ్చిగా ఉన్న ఆకు ఒకటి చేతికొచ్చింది. ఊరికే పుల్లతో గీకాను. ఏం రాశానో గుర్తు లేదు, ఆయన పేరు మాత్రం కాదు. ఆకు ఎండాక చూస్తే గీత నల్లబడి అక్షరం తేటగా నిలబడింది. అప్పటి నుంచి రోజూ ఒక పచ్చి ఆకు వెతికి పక్కన పెట్టుకునేదాన్ని. రాసినవి ముడుచుకుపోకుండా మూలలో రాయి కింద పెట్టేదాన్ని.

కాగితం లేక కాదు. మా ఇంటి ముందు నుంచే రోజంతా కాగితాల మిల్లుకు వెదురు లారీలు పోయేవి. మనవరాలి పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చించి, దారంతో కుట్టి మళ్ళీ దానికే పుస్తకం చేసి ఇచ్చేదాన్ని. అందులోంచి ఒక్క కాగితం నాకని తీసుకోవడానికి మనసు ఒప్పలేదు. నా మాటలకు కాగితం దండగ అనుకున్నాను. ఆకు అయితే దండగ కాదు. ఎవరైనా లేచి వచ్చినా చేతిలో ఆకే కదా ఉండేది, పని చేస్తున్నట్టే కనపడేది.

మా ఇంట్లో పగటిపూట ఊరికే కూర్చోవడం అంటే నాకు పడేది కాదు. టీవీ ముందు కోడలు కాస్త నడుం వాల్చితే "కాళ్ళు విరిగినయా?" అనేదాన్ని. అట్లాంటి మనిషిని, రోజూ కాసేపు కూర్చుని నా గురించి నేను రాసుకుంటున్నానని ఏ నోటితో చెప్పేది?

రాసిందీ పెద్ద గొప్పది కాదు. నిన్న ఏమన్నాను, ఎవర్ని అన్నాను, అనకపోతే ఏం పోయేది అన్నవే ఎక్కువ. అప్పుడప్పుడు కంటికి కనపడింది ఏదైనా. అన్నీ జ్ఞాపకం లేవు. ఒకటి గుర్తుంది: "కోడలు కూర మాడ్చింది. నేను అన్న మాట కూర కంటే ఎక్కువ మాడింది." ఇంకొకటి: "ఎండాకాలం గోదారి పక్కకు ఒరిగి పడుకుంటది. దాన్ని లెమ్మనేవాళ్ళు లేరు." మా అమ్మ గురించి వరుసగా కొన్ని రోజులు రాశాను. అమ్మ గొంతు ఎట్లా ఉండేదో చెప్పడానికి ఒక మాట దొరికింది ఒక పొద్దున. దొరికినందుకు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను, కోడలిని ఒక్క మాట అనలేదు. ఆ మాట ఏమిటో ఇప్పుడు ఎంత తలచుకున్నా రావడం లేదు. ఆకు మీద ఉందిలే అన్న ధీమాతో మనసులో పెట్టుకోలేదు.

ఆ పొద్దున కోడలితో పోట్లాటలో చివరికి నేనే బయటపడ్డాను.

"వాటి మీద రాసి ఉన్నది. గది సుత చూడలేదానే?"

కోడలు పుల్లలు చీరుతున్న కత్తి కింద పెట్టింది. "చూసిన. ఏదో గీకినవని ఎప్పట్నుంచో చూస్తున్న. అయితే ఏంది? ఎన్నడన్న ఒక ఆకు నా చేతికిచ్చి చదువే అన్నవా? గంత ముఖ్యమైనవైతే నాకెట్ల ఎరుకైతది?"

నేను సంచి దండేనికి తగిలించి బయటికి నడిచాను. వెనక నుంచి "చాయ్ తాగి పో" అన్నది. వినపడనట్టే పోయాను.

పెళ్ళి బూర్గంపాడు అవతల ఊళ్ళో. ఎక్కడికైనా నడిచి పోయే మనిషిని, ఆ రోజు కిరాయి పెట్టుకుని ఆటో ఎక్కాను. నేను చేరేసరికి పందిట్లో మొదటి బంతి లేచింది. పెళ్ళికూతురి తండ్రి నన్ను గుర్తుపట్టి ఎదురొచ్చాడు.

"ఏందక్కా, ఆకులు తక్కువ పంపిండ్రా?"

"లేదు. కుట్టు గట్టిగున్నదో లేదో చూద్దామని వచ్చిన."

ఆయన నవ్వాడు. "కుట్టు చూడనీకి గింత దూరం వచ్చినవా? ఇగ తిని కూడ చూడు. రా, కూసో."

మిగిలిన కట్టలు పందిరి మూలలో ఉన్నాయి. చూస్తానని వంగి ఒక్కొక్కటీ తిరగేశాను. కుట్టు గట్టిగానే ఉంది. మా కోడలి చెయ్యి మంచిది. నా ఆకులు వాటిలో లేవు.

రెండో బంతిలో కూర్చున్నాను. నాకు వేసిన విస్తరిలోనూ ఏ రాతా లేదు. నీళ్ళు చల్లుకుని, పక్కకు చూశాను. ఇద్దరు మనుషుల అవతల తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన తన విస్తరి మీదికి వంగి చూస్తున్నాడు.

"అరే, గీ ఆకు మీద ఏదో రాసున్నదిరా."

పక్కన ఉన్నాయన చూడనైనా చూడలేదు. "పురుగు తిన్న గీతలే మామా. నీకంటె ముందు అది తిన్నది. ఇగ నువ్వు తిను."

బంతిలో నలుగురూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు. ఆ పురుగును నేనే అని చెప్పలేదు నేను. మెడ చాచి చూశాను. ఒక వరుస, దాని కింద సగం వరుస. చదవడానికి ఆ దూరం నా కళ్ళకు ఎక్కువ. లేచి పోయి చూడవచ్చు. బంతిలో కూర్చున్నాక మధ్యలో లేవకూడదని ఆగాను. అంతలో వడ్డించే పిల్లలు వచ్చారు, అన్నం పడింది, పప్పు పడింది. ఆయన కలుపుకుని తిన్నాడు. ఆకలి మీద ఉన్న మనిషి, ఒక్క మెతుకు వదలకుండా ఆకంతా తుడిచి తిన్నాడు. అట్లా తినేవాళ్ళంటే నాకు ఎప్పుడూ ఇష్టం. ఆ రోజు కూడా ఇష్టంగానే అనిపించింది, అదే నాకు వింతగా ఉంది.

తిన్న తర్వాత ఆయన విస్తరిని తన వైపుకు మడిచి లేచాడు. పిల్లలు బంతి పొడుగునా విస్తర్లు ఎత్తి తట్టలో వేసుకుని పందిరి వెనక పోశారు. చేతులు కడుక్కునే వంకతో అక్కడిదాకా పోయాను. బర్రెలు అప్పటికే మూతులు పెట్టాయి. ఆ మడత పెట్టిన విస్తరి పైన పైనే ఉండి ఉంటుంది. చెయ్యి పెడితే దొరికేది. ఎంగిలాకు ముట్టుకోవడానికి సిగ్గుపడలేదు నేను, ఎన్నో పెళ్ళిళ్ళలో ఎత్తిన చెయ్యి ఇది. ఎందుకమ్మా అని ఎవరన్నా అడిగితే, నేను రాసుకున్నది అని చెప్పవలసి వస్తుంది. ఆ ఒక్క మాట చెప్పలేక నిలబడ్డాను. బర్రెలు నమిలాయి.

ఇప్పుడు మనవరాలు ఇచ్చిన పెద్ద నోటుబుక్కులో, రెండు వైపులా, ఇది రాస్తున్నాను. కాగితానికి కొరత లేదు. వేళకూ కొరత లేదు, ఆకులు కుట్టే పని ఎప్పుడో పోయింది. పొద్దంతా నాదే. కానీ ఆ గోనెపట్టా కింద ఆకు మెత్తబడుతుండగా, ఇంకెంత సేపు ఉందో తెలియక గబగబా రాసినప్పుడు వచ్చిన మాటల్లాంటివి ఇప్పుడు రావు. ఆ రోజుల్లోనే ఆ రాతకు ఇంకొంచెం చోటు ఇచ్చి ఉంటే ఎట్లా ఉండేదో అనుకుంటాను. ఇంటి పని ఆగేది కాదు. నేను భయపడినంత ఏమీ జరిగేది కాదు.

ఆ పెళ్ళి రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి కోడలు వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"దొరికినయా?"

"లేవు."

చాటలోంచి రాయి ఒకటి ఏరి పారేసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఏం రాసినవ్ అత్తమ్మా గంత?"

అడిగింది కదా, చెప్పవచ్చు. కూర మాడిన రోజు సంగతి చెప్పవచ్చు. నిన్ను అన్న ప్రతి మాటా మర్నాడు ఆకు మీద పెట్టుకుని చూసుకున్నానే పిల్లా అని చెప్పవచ్చు. ఆమె చాట ఆపి ఎదురు చూస్తోంది కూడా.

"ఏం లేదు. పిచ్చి రాతలు," అన్నాను. "బియ్యంల రాళ్ళు సరిగ్గ చూడు."

ఆమె మళ్ళీ చెరగసాగింది. ఆ రోజు ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అడగలేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి కోడలు నా కంటే ముందే లేచి ఉంది. ఆకుకు నీళ్ళు చల్లి, గోనెపట్టా కప్పింది. పచ్చి ఆకు ఒకటి, సన్నగా చీరిన పుల్ల ఒకటి నేను కూర్చునే చోట పెట్టింది. "ఆకు మెత్తబడేదాక కూసో, నేను వాకిలి ఊడ్చుకుంట," అని వాకిట్లోకి పోయింది. నేను ఆకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పుల్ల పట్టుకున్నాను. ఒక్క మాట కూడా రాలేదు. రోడ్డు మీద వెదురు లారీ ఒకటి పోయింది. కొంత సేపటికి గోనెపట్టా తీసి చూస్తే ఆకు మెత్తబడి ఉంది. నా ఒళ్ళోది కూడా వాటిలో కలిపి కుట్టడం మొదలుపెట్టాను.