బొమ్మల మేడలో బాత్రూం

మా ఓనర్ ఆంటీ తన బొమ్మల మేడకు బాత్రూం అమర్చుకున్న చలికాలమంతా, అదే ఇంటి కింద మేం ఉండే బేస్‌మెంట్‌లో షవర్ నల్లాకు పిడి లేదు. ఒకరోజు ఊడి చేతికొచ్చింది. మాలో ఒకమ్మాయి పనిచేసే డాలర్ స్టోర్ నుంచి ప్లయర్ తెచ్చింది. గోడలోంచి బయటికొచ్చిన ఇనుప పుల్లను దాంతో పట్టుకుని తిప్పితే నీళ్లొచ్చేవి. సబ్బు చేతులకు ప్లయర్ జారేది. జారితే పైనుంచి సలసల కాగే నీళ్లో, మంచునీళ్లో పడేవి. ఏవి పడతాయన్నది మన అదృష్టం.

ఊరు లండన్. ఇంగ్లండ్‌లోది కాదు, అంటారియోలోది. కరీంనగర్‌లో మా వాళ్లు చుట్టాలకు చెప్పేటప్పుడు ఆ రెండో ముక్క మింగేసేవారు. మాలాంటి వాళ్లు విమానాల నిండా దిగుతున్న కాలం అది. నేను చేరిన కోర్సు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. నాతో దిగినవాళ్లలో సగం మందిదీ అదే. ఇంతమంది మేనేజ్ చేయడానికి కెనడాలో అన్ని ప్రాజెక్టులు ఉన్నాయా అని కన్సల్టెన్సీ వాణ్ని మేం ఎవరం అడగలేదు. పొద్దున క్లాసు, సాయంత్రం కాఫీ షాపులో కార్లవాళ్లకు కప్పులందించే డ్రైవ్‌త్రూ కిటికీ దగ్గర నిలబడటం, మధ్యలో కిక్కిరిసిన బస్సు. ఇళ్లు దొరికేవి కావు. "తెలుగు అమ్మాయిలకు మాత్రమే, ఫ్యామిలీ వాతావరణం" అని వాట్సాప్ గ్రూపులో కనిపించగానే ఐదుగురం పరిగెత్తి అడ్వాన్సు కట్టాం.

ఓనర్ అంకుల్ రిటైరైన డాక్టర్. ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చే డాక్టర్. మనం ఏదైనా అడిగినప్పుడు ఆయన చెప్పే జవాబు వింటే ఆ వృత్తి ఇంకా వదిలిపెట్టలేదేమో అనిపించేది. నల్లా సంగతి చెప్పడానికి పైకి వెళ్తే నన్ను కూర్చోబెట్టి, తాము ఈ దేశం వచ్చిన కొత్తల్లో హాస్పిటల్ క్వార్టర్స్‌లో అంతస్తు మొత్తానికి ఒకటే బాత్రూం ఉండేదనీ, దాంతోనే తాను పరీక్షలన్నీ పాసయ్యాననీ చెప్పారు. చివర్లో, స్ప్రింగ్ రానివ్వండి చూద్దాం అన్నారు. నల్లా పిడి మొలకెత్తడానికి ఎండ కావాలి కాబోలు అనుకుని కిందికి దిగాను. బాత్రూంలో ఫ్యాను తిరగడం లేదని రెండోసారి చెప్పాను. మూడోసారి పైకప్పు మూల నల్లగా బూజు పడుతోందని ఫోటో పంపాను. ఫోటోకు వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టారు.

ఆంటీ అలా కాదు. ఆవిడ మంచిమనిషి. ఎంత మంచిదంటే ఎవరి కష్టమూ ఆవిడ దాకా వెళ్లేది కాదు. మోకాళ్ల నొప్పులని బేస్‌మెంట్ మెట్లు దిగడం ఎప్పుడో మానేశారు. గుడివాడ దగ్గర పుట్టి, ఇక్కడ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడకు చివరికి దొరికిన కాలక్షేపం ఆ బొమ్మల మేడ. హాల్లో, ఊళ్లో అయితే దేవుడి మందిరం పెట్టుకునేంత ముఖ్యమైన చోట, దానికో బల్ల వేయించి పెట్టారు. మూడంతస్తులు. ముందు గోడ తలుపులా తెరుచుకుంటుంది. లోపల అరచేతిలో పట్టే సోఫాలు, గోరంత పుస్తకాలున్న అలమరా, అగ్గిపెట్టెంత పియానో. అన్నీ అయ్యాయి, బాత్రూం ఒక్కటే మిగిలింది. ఏప్రిల్లో, ఇలాంటి బుల్లి ఇళ్లు చేసే మినియేచర్ క్లబ్ వాళ్ల ప్రదర్శన. ఈలోపు ఆంటీ చేతులు వణకడం మొదలుపెట్టాయి.

నేను పెళ్లిళ్లలో మెహందీ పెట్టేదాన్నని ఎవరు చెప్పారో తెలియదు. ఒక ఆదివారం ఆంటీ పైనుంచి పిలిచారు.

"నీ చెయ్యి కుదురుగా ఉంటుందటగా అమ్మా. కాస్త నా బాత్రూం పని చేసిపెట్టు. భోజనం ఇక్కడే చేద్దువుగాని."

బాత్రూం అన్న మాట వినగానే ఒక్క క్షణం నాలో ఆశ పుట్టిన మాట నిజం. తర్వాత ఆవిడ నా చేతిలో ట్వీజర్స్ పెట్టారు.

ఆ ఆదివారాలు పప్పుచారు కోసం వెళ్లాననే చెప్పుకుంటాను. కానీ పని బాగుండేది, ఆ సంగతి దాచడమెందుకు. చిటికెన వేలి గోరులో సగం ఉండే పలకలను ఒక్కొక్కటే జిగురు పెట్టి నేల మీద అంటించాను. సందుల్లో తెల్ల సిమెంటు లాంటి ముద్దను పుల్లతో కూరి, తడి దూదితో తుడిచాను. నాలుగు కాళ్ల తొట్టి కొన్నదే గానీ, దాని నల్లాలు నేనే చేశాను, నగలకు వాడే గుండుసూదులు వంచి, తలకు పూసలు గుచ్చి. ఆంటీ పాత గొలుసు ముక్క తొట్టి బిరడాకు గొలుసయింది. ఇయర్‌బడ్ పుల్ల ముక్కకు టిష్యూ చుడితే టాయిలెట్ పేపర్ చుట్ట. టవల్ కడ్డీకి ఇత్తడి తీగ. మెరిసే అద్దం కాగితం మీద సూపర్ గ్లూ పెట్టకూడదని ఒకటి పాడుచేశాక తెలిసింది, దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి పొర కమ్మేసింది. చిన్న దీపం కూడా పెట్టాం. అది వెలిగితే ఆంటీ ముఖం కూడా వెలిగేది.

పక్కన కూర్చుని ఆవిడ తప్పులు పట్టేవారు. టవల్ మడత మరీ బిరుసుగా ఉందనేవారు. నల్లా రెండు పూసలూ ఒకే ఎరుపులో లేవనేవారు. తలుపు దగ్గర చాప నిజంగా కాళ్లు తుడుచుకోవాలనిపించేలా మెత్తగా ఉండాలట. ఆ బొమ్మల మేడలో కాళ్లున్న మనిషి ఒక్కరూ లేరు. దాని మీద తుడుచుకోవాల్సిన పది కాళ్లు కింద ఉన్నాయి, వాటి కింద పాత టీషర్టు. మధ్యలో ఒకసారి, మా షవర్ సంగతి అంకుల్‌తో చెప్పండి ఆంటీ అన్నాను. "చెప్తానమ్మా, ఆయన చేయిస్తారు," అని, జిగురు ఆరిందో లేదో చూడమన్నారు.

అంతా అయ్యాక కూడా ఆవిడకు తృప్తి కలగలేదు. భూతద్దం కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఏదో తక్కువైందన్నారు. క్లబ్‌లో జడ్జిగా వచ్చే ఆవిడకు షోరూముల్లా ఉండే గదులు నచ్చవట. గదిలో మనుషులు బతుకుతున్నట్టు తెలియాలట, ఒక కథ కనపడాలట.

"ఎవరో వాడుతున్నట్టు లేదే ఇది. నువ్వే ఏదైనా ఆలోచించు," అన్నారు.

ఆలోచించడానికేముంది. కిందికి దిగి మా బాత్రూం గుమ్మంలో నిలబడి చూసుకున్నాను. వచ్చే ఆదివారానికల్లా పనంతా పూర్తి చేశాను. కనుబొమల పెన్సిల్ పొడి చేసి, కుంచె కొనతో పైకప్పు మూల అద్ది, అక్కణ్నుంచి గోడ మీదికి పాకించాను. తొట్టి అంచున ఐదు షాంపూ సీసాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. మందు సీసా మూతతో బకెట్, పూసతో మగ్గు. నా వెంట్రుకే చిన్న ముక్క కత్తిరించి నీళ్లు పోయే చిల్లు దగ్గర అంటించాను. టాయిలెట్ మూతకు పగులు గీసి దానిమీద టేపు వేశాను. చివరికి తొట్టి నల్లా పూస ఒకటి పీకేసి, ఆ సూదికి తీగతో చేసిన ప్లయర్ తగిలించాను. నా చేతుల్లో తయారైన వాటన్నిటిలోకీ ఆ ప్లయరే గొప్పది. నోరు తెరుచుకుని మూసుకునేది కూడా.

ఆంటీ కళ్లజోడు పెట్టుకుని వంగారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు అర్థమవుతుంది, ఇప్పుడు సిగ్గుపడతారు అని చూస్తున్నాను.

"కుళాయికి ఇదేంటమ్మా?"

"ప్లయర్ ఆంటీ. నల్లా పిడి ఊడిపోయింది. మేం దాంతోనే తిప్పుకుంటం."

ఆవిడ అలాగే వంగి ఇంకాసేపు చూశారు. లేచి, నా బుగ్గ తట్టారు.

"ఎంత ముద్దుగా చేశావే! మగ్గు కూడా పెట్టావు. ఇదీ కథంటే."

ఆ రోజు పప్పుచారుతో పాటు గులాబ్ జామూన్ కూడా పెట్టారు. నేను తిన్నాను. కిందికి వచ్చి మిగతా నలుగురికీ చెబితే ఒకమ్మాయి పడీపడీ నవ్వింది, ఒకమ్మాయి ప్లయర్ తీసుకుని స్నానానికి వెళ్లిపోయింది.

ప్రదర్శన ఒక చర్చి హాల్లో. మేడను దుప్పట్లలో చుట్టి అంకుల్ వ్యాన్‌లో ఎక్కించాం. సాయానికి నన్ను రమ్మన్నారు. హాలు నిండా ముసలి దొరసానులు, వాళ్ల వెంట తప్పనిసరై వచ్చిన భర్తలు. బల్లల మీద బొమ్మల మిఠాయి కొట్లు, బొమ్మల గుర్రాల శాలలు. మనుషులు ఇళ్లు దొరక్క ఒక గదిలో నలుగురు పడుకుంటున్న ఊళ్లో, ఖాళీ ఇళ్లు అన్నేసి ఒక్కచోట చూడటం నాకదే మొదలు. అంకుల్ సూటు వేసుకొచ్చారు. పాత హాస్పిటల్ స్నేహితులు ఇద్దరు కనిపిస్తే ఆపరేషన్ సక్సెస్ అయినంత హుషారుగా కరచాలనాలు చేశారు.

జడ్జి పొట్టిగా, తెల్లజుట్టుతో ఉండే ఒక రిటైర్డ్ టీచరు. మెడలో భూతద్దం. పియానో గదినీ సోఫాల గదినీ చూసి ముక్తసరిగా తల ఊపింది. బాత్రూం దగ్గర ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని మరీ చూసింది. అంకుల్ స్నేహితులూ వచ్చి వెనక నిలబడ్డారు. ఇది ఎవరి బాత్రూం, కథేమిటని ఆమె ఇంగ్లీషులో అడిగింది.

ఆంటీ గర్వంగా నా భుజం మీద చెయ్యి వేశారు. మా ఇంట్లో కింద ఉండే అమ్మాయిలది, ఈ అమ్మాయే చేసింది, అన్నారు.

జడ్జి తలెత్తి నన్ను చూసింది. "నిజంగానా? ఇప్పుడూ ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది," అన్నాను. ఇంగ్లీషులో నేను ఎన్నడూ అంత స్పష్టంగా మాట్లాడలేదు.

ఆమె చూపు నా మీంచి ఆంటీ మీదికీ, ఆంటీ మీంచి అంకుల్ మీదికీ వెళ్లింది. ఆ చూపులో కోపం లేదు. హోంవర్కు తేని పిల్లాణ్ని చూసినట్టు చూసిందంతే. అంకుల్ గొంతు సవరించుకుని, రెనోవేట్ చేయిస్తున్నాం, మండే పని మొదలు, అన్నారు. స్నేహితుల్లో ఒకాయన పక్కబల్ల మీది గుర్రాలను చూడటానికి వెళ్లిపోయాడు.

సహజత్వానికి బహుమతిగా ఇచ్చే రిబ్బన్ ఆంటీకే వచ్చింది. వ్యాన్‌లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను వెనక సీట్లో మేడ కదలకుండా పట్టుకుని ఉన్నాను.

"ఆ నల్ల మచ్చలు కింద నిజంగానే ఉన్నాయాండీ?" అని ఆవిడ అంకుల్‌ని అడిగారు.

"స్టూడెంట్స్ కదా. వేడినీళ్లు అలా వదిలేసి గంటలు గంటలు స్నానాలు. కిటికీ తియ్యరు."

"కిటికీ లేదంకుల్," అన్నాను.

అంకుల్ రేడియో పెట్టారు.

సోమవారం నిజంగానే ప్లంబర్ వచ్చాడు. వచ్చి, చూసి, పిడి బిగించి, ఫ్యాను మార్చి, ఆ పూట ఇంట్లో ఉన్న ముగ్గురం టీ తాగేలోపు వెళ్లిపోయాడు. చలికాలమంతా ఐదుగురం తెలుగులో, మర్యాదగా, గారు తగిలించి అడిగితే కాని పని అంతే. తెల్లజుట్టు దొరసాని ఒక్కసారి మోకాళ్ల మీద కూర్చుంటే అయిపోయింది. మా గోడు తోటి తెలుగువాడికి వినపడాలంటే కూడా ముందు అది ఇంగ్లీషులోకి వెళ్లి రావాలన్నమాట. బూజు సంగతి మాత్రం అంకుల్ స్వయంగా చూసుకున్నారు. నిచ్చెన వేసుకుని దాని మీదే తెల్ల పెయింట్ కొట్టారు. రెండు వారాలు తిరిగేసరికి పెయింట్ వెనకనుంచి మళ్లీ బయటపడింది. ఈలోపు, బాత్రూం రెనోవేట్ అయింది కాబట్టి అద్దె పెంచుతున్నామని గ్రూపులో మెసేజ్ పెట్టారు. దానికి మేం బొటనవేలు గుర్తు పెట్టలేదు.

ఆంటీ ఒక్కసారి కిందికి దిగారు. రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ. బాత్రూం గుమ్మంలో నిలబడి లైటు వేశారు. మా సీసాలను, మా బకెట్‌ను, మా మగ్గును చూశారు. ఏమంటారా అని ఐదుగురం మంచాల మీంచి లేచి నిలబడ్డాం.

"అచ్చు అలాగే ఉంది," అన్నారు ఆవిడ మెల్లగా. అది మెచ్చుకోలో, బాధో ఈరోజుకీ నాకు తెలియదు. అడగాలని కూడా అనిపించలేదు.

వారం తర్వాత ఫోన్ చేసి, మేడలో కిచెన్ కొత్తగా చేద్దామనుకుంటున్నాను, ఆదివారం వస్తావా అని అడిగారు. క్లాసుందని చెప్పాను. ఆదివారం క్లాసేమిటని ఆవిడ అడగలేదు. నెల తిరిగేసరికి ఇద్దరికి విండ్సర్‌లో పని దొరికింది, ఇద్దరు ఒక కజిన్ ఇంటికి మారారు. నేను హాస్పిటల్ వెనక ఒక ముసలాయన ఇంట్లో అటకలాంటి గదికి మారాను. మేం ఖాళీ చేసిన వారంలోపే గ్రూపులో మళ్లీ ఆ ప్రకటన కనిపించింది, ఫ్యామిలీ వాతావరణంతో సహా. కింద "ఇంట్రెస్టెడ్" అంటూ వరసగా ఇరవై మంది అమ్మాయిలు. అప్పుడే దిగినవాళ్లు, సూట్‌కేసులు కూడా విప్పనివాళ్లు. వాళ్లలో ఎవరి చెయ్యి కుదురుగా ఉంటుందో ఆంటీ ఈపాటికి కనుక్కునే ఉంటారు.