ఆగు అంటే ఆగే

ఆ రోజుల్లో కటవారియా సరాయ్‌లో కోచింగ్ అనే మాటకి ఒక్కటే అర్థం ఉండేది. కలెక్టరు అవుదామని ఢిల్లీ వచ్చిన కుర్రవాడు సంచీలో నోట్సు పెట్టుకుని పొద్దున్నే ఎక్కడికి వెళతాడో, అది కోచింగ్. గది యజమానికీ, బేర్ సరాయ్ పుస్తకాల కొట్టువాడికీ, మెస్సులో సాంబారు వడ్డించే అతనికీ కూడా ఆ మాటకి మరో అర్థం ఉంటుందని తెలియదు. నేనూ మొదట ఆ కోచింగ్ కోసమే వచ్చాను. రెండుసార్లు ప్రిలిమ్స్ రాసి, రెండుసార్లూ ఫలితాల్లో నా నంబరు కోసం పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతికాను (లేని నంబరు ఎటునుంచి వెతికినా ఉండదు). ఖర్చులకి ఉంటుందని దగ్గర్లోని ఒక చిన్న బడిలో ఆటల పీరియడ్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరాను. పొద్దున ఆటలు, సాయంత్రం చదువు అని టైం టేబుల్ వేసుకుని గోడకి అంటించుకున్నాను కూడా. కొన్నాళ్ళకి సాయంత్రం కూడా ఆటలే అయిపోయాయి. కాకినాడలో కాలేజీ జట్టుకి ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి. దుమ్ములో పిల్లల మధ్య నిలబడి బంతి తన్నుతుంటే కలిగిన సంతోషం రాజ్యాంగంలో ఏ అధికరణం చదివినా నాకు కలగలేదు. ఆ సంగతి పైకి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది.

ఆ వేసవిలో రెండు పక్కలనుంచీ నాకు గడువులు వచ్చాయి. బడిలో ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి, పిల్లలకి నువ్వంటే ఇష్టమే కానీ కమిటీవాళ్ళు కాగితం అడుగుతున్నారు, సెలవులయ్యేలోగా ఫుట్‌బాల్ కోచ్‌గా సర్టిఫికెట్ తెచ్చుకుంటే పర్మనెంట్ చేస్తాను, లేకపోతే తెచ్చుకున్నవాణ్ణి ఎవరినో చూసుకోవాలి అని మెత్తగా చెప్పింది. ఇంటినుంచి నాన్నగారు ఫోన్లో అంత మెత్తగా చెప్పలేదు. ఈసారి ఏదో ఒకటి తేలకపోతే రైలెక్కి వచ్చెయ్యమన్నారు. మా ఊరు తాడేపల్లిగూడెంలో మావయ్య ఎరువుల కొట్టులో నాకోసం ఒక కుర్చీ అప్పటికే వేసి ఉంచారట. మావయ్య మంచివాడే. యూరియా మీద కూడా నాకు ద్వేషం లేదు. కానీ ఆ కుర్చీని తలుచుకుంటే మాత్రం నాకు అన్నం దిగేది కాదు.

అందుకని నోయిడాలో ఒక మైదానంలో జరిగే కోచింగ్ కోర్సులో చేరాను. ఇదే మాట నాన్నగారికి చెప్పాను. "కోచింగ్‌లో చేరానండీ" అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నాన్నగారు దాన్ని తనకి తెలిసిన అర్థంలో తీసుకుని, పనిచేసే రైల్వే పార్సిల్ ఆఫీసులో అందరికీ చెప్పేశారు.

"ఏరా, కోచింగ్ ఎలా సాగుతోంది?" అనేవారు ఫోన్లో.

"బానే ఉందండీ నాన్నగారూ. ఎండే మండిపోతోంది."

"ఎండేంట్రా? క్లాసులో ఫ్యాను లేదా?"

"క్లాసు బయటేనండీ."

"చెట్టు కిందా! పాతకాలం పద్ధతన్నమాట. మంచిదే. మాస్టారు బాగా చెబుతున్నారా?"

"చెప్పడం తక్కువండీ. పరుగెత్తిస్తారు."

"పరుగెత్తించాలి మరి. ఇన్నాళ్ళూ నిన్ను పరుగెత్తించేవాళ్ళు లేకే ఇలా తగలడ్డావు" అని ఎంతో తృప్తిగా ఫోను పెట్టేసేవారు.

ఆ పరుగెత్తించే మాస్టారు ఒక బెంగాలీ పెద్దమనిషి. అందరం దాదా అనేవాళ్ళం. తెల్ల టోపీ, సన్నటి కాళ్ళు, చేతిలో ఎప్పుడూ టీ గ్లాసు. బంతి దగ్గరికొస్తే టీ చుక్క ఒలకకుండా దాన్ని వెనక్కి తన్నేవాడు. మాకు ఆయన నేర్పిన వాటిలో ముఖ్యమైనది ఆటని ఆపడం. పిల్లలు ఆడుతుండగా తప్పు జరిగిన క్షణంలోనే ఎక్కడివాళ్ళని అక్కడ బొమ్మల్లా నిలబెట్టాలి. అప్పుడు వాళ్ళ మధ్యలోకి వెళ్ళి, చూడు, నువ్విక్కడ ఉన్నావు, ఉండాల్సింది అక్కడ అని చూపించాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే తప్పు చెరిగిపోతుంది, చెప్పడానికి ఏమీ మిగలదు. పోనీ విజిల్ ఊదుదామంటే దాదా ఒప్పుకోడు. విజిల్ రిఫరీది, కోచ్‌కి గొంతుంది అనేవాడు. పైగా పిల్లలకి వచ్చిన భాషలోనే చెప్పాలి. పరీక్షకి తీసుకొచ్చేది పక్క సెక్టార్ పిల్లలు కాబట్టి భాష హిందీ. ఆపడానికి మాట రుకో. ఎంత చిన్న మాట! నేను ఢిల్లీలో మూడేళ్ళుగా బస్సుల్ని ఆ మాటతోనే ఆపుతున్నాను (బస్సులు ఆగేవి కావు, అది వేరే సంగతి).

పరీక్ష రోజు పొద్దున నా వంతు వచ్చింది. రెండు జట్లు, మధ్యలో బంతి. గీత అవతల కుర్చీలో దాదా. ఒక జట్టు గోల్‌కీపరు గుండ్రటి బుగ్గల పిల్లవాడు, అందరూ వాణ్ణి లడ్డూ అని పిలుస్తున్నారు. మొదటి కొద్ది నిమిషాలూ నా అంత కోచ్ లేడనిపించింది. తర్వాత నేను ఎదురుచూస్తున్న తప్పు జరిగింది. పిల్లలందరూ బంతి చుట్టూ గుమిగూడారు. ఇదే సమయం అనుకున్నాను. నోరు తెరిచాను. మూడేళ్ళ హిందీ ఎక్కడికి పోయిందో తెలియదు, కడుపులోంచి తన్నుకుని వచ్చింది మా గూడెం మాట.

"ఆగు!"

మీకు హిందీ వస్తే ఈపాటికే నవ్వుతుంటారు. రాకపోతే చెబుతాను. వాళ్ళ భాషలో ఆగే అంటే ముందుకి. దూరంనుంచి గొంతు చించుకుని అరిస్తే మన ఆగు వాళ్ళ ఆగే లాగానే వినబడుతుంది. పిల్లలు ఒక్కసారి నావైపు చూసి, సార్ ఇంత ఉత్సాహంగా చెబుతున్నాడు కదా అని ముందుకి పరుగెత్తారు. రెండు జట్లకీ ముందు ఒకవైపు కాదు కదా. వీళ్ళు అటూ, వాళ్ళు ఇటూ, ఒకరిలోంచి ఒకరు దూసుకుపోయారు. నేను కంగారుపడి "ఆగు! ఒరేయ్, ఆగు ఆగు!" అన్నాను. వాళ్ళు వేగం పెంచారు. గోలు వదలకూడని లడ్డూ కూడా, తనకి ఇలాంటి అవకాశం మళ్ళీ రాదన్నట్టు చేతులు చాచుకుని మైదానం దాటేశాడు. చివరికి బంతి ఒక్కటే నా మాట విని ఉన్నచోట ఉంది. (స్టాప్ అని ఉండచ్చు కదా అంటారు మీరు. తిరుగు బస్సులో నాకూ తట్టింది. స్టాప్, రుకో, ఠహరో, బస్, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.) నేను వాళ్ళ వెంటపడి లడ్డూని పట్టుకుని కోప్పడ్డాను. వాడు బిక్కమొహం వేశాడు.

దాదా నన్ను పిలిచాడు. ఆయన హిందీ కూడా నా హిందీకి దగ్గర చుట్టమే. "తుమ్ ఆగే బోలా. ఓ లోగ్ ఆగే గియా. ఫిర్ గుస్సా కాహే?" అన్నాడు. నువ్వు ముందుకి పొమ్మన్నావు, వాళ్ళు పోయారు, మరి కోపమెందుకు అని. నేను ఆ మాట అర్థమూ, మా భాష సంగతీ వివరించాను. ఆయన ఓపిగ్గా విని, టీ తాగి, పిల్లలు పాసు, నువ్వు ఫెయిలు అన్నాడు. ఫెయిలైనవాళ్ళకి ఆదివారం ఇంకొక్క అవకాశం ఉంది. ఆ తర్వాత కోర్సు మళ్ళీ చలికాలంలోనే. చలికాలానికి నేను ఎరువుల కొట్టులో ఉంటాను.

గదిలో నాతోపాటు ఉండే పాలిటీ అన్నకి ఇదంతా చెప్పాను. ఆయనది కరీంనగర్. పాలిటీ పుస్తకం పక్కన లేకుండా నిద్రపోడు కాబట్టి ఆ పేరు. ఆయన కాసేపు కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత చాలా గంభీరంగా నా బాధ్యత తీసుకున్నాడు. "ఆదివారం దాంక గీ రూముల తెలుగు బంద్ తమ్మీ. నీ నోట్లకెళ్ళి ఒక్క తెలుగు ముక్క రావొద్దు" అన్నాడు. నేను సరేనన్నాను (సరే అని కాదు, ఠీక్ హై అని). ఉప్పు కావాలన్నా, తువ్వాలు కావాలన్నా హిందీలోనే అడుక్కున్నాం. తెలుగువాళ్ళ మెస్సులో కూడా హిందీలో పెరుగు అడిగితే వడ్డించే అతను మాకేమైనా జబ్బు చేసిందేమోనని చూశాడు. మధ్యమధ్యలో పాలిటీ అన్న మేడమీద ఖాళీ బాటిల్ని దొర్లిస్తూ పరుగెత్తేవాడు. నేను "రుకో" అనగానే ఆగేవాడు. శనివారం సాయంత్రానికి నా మీద నాకే నమ్మకం కుదిరింది.

అప్పుడే ఆయన బాటిల్ని తన్నబోయి చూసుకోకుండా పిట్టగోడ లేని అంచుకి వెళ్ళిపోయాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆగన్నా! ఆగు!" అని అరిచాను.

ఆయన ఆగాడు. కిందికి చూశాడు, నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మారవు తమ్మీ. పానం మీదికొస్తే ఎవ్వడన్న అమ్మ నేర్పిన మాటనే ఒర్రుతడు. గట్ల ఒర్రబట్టే నేను బతికిన. నిన్ను మార్చుడు నాతోని కాదు గని, గా పోరగాళ్ళకే గా ఒక్క ముక్క నేర్పియ్యి. రెండక్షరాలేనాయె!"

నేను ఆ రాత్రి హాయిగా తెలుగులో నిద్రపోయాను.

ఆదివారం అవే పిల్లలు, అదే ఎండ. లడ్డూ నన్ను చూసి గోలు స్తంభం వెనక్కి జరిగాడు. ముందు వాడి దగ్గరికి వెళ్ళి, మొన్న తప్పు నాది, నీది కాదు అని చెప్పాను. వాడు పెద్ద మనసుతో "కోయీ బాత్ నహీఁ సర్" అన్నాడు. తర్వాత అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, ఇది మా ఊరి ఆట అన్నాను. నేను ఆగే అంటే పరుగు. ఆగు అంటే బొమ్మ. చెవి పెట్టి వినాలి, చివర ఏ అన్నానా, ఊ అన్నానా అని. ఇంక చూసుకోండి. ఆగే! ఆగే! ఆగూ! ఒంటికాలి మీద ఒకడు, వంగి ఒకడు, నోరు తెరుచుకుని లడ్డూ, ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. తప్పు విన్నవాణ్ణి మిగిలినవాళ్ళే "అరే, ఆగూ బోలా!" అని దిద్దుతున్నారు. అంతవరకూ అరుచుకుంటూ ఆడే పిల్లలు నా మాట కోసం గొంతులు తగ్గించి ఆడటం మొదలెట్టారు. ఆ నిశ్శబ్దంలో, అందరూ బంతి మీద ఎగబడిన సమయానికి, నేను మనసారా, మా అమ్మ నన్ను చిన్నప్పుడు రోడ్డు మీద అరిచినట్టే అరిచాను.

మైదానం మొత్తం ఆగిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే కనబడుతోంది. నేను మధ్యలోకి నడుస్తూ గీత అవతలికి చూద్దును కదా, కొత్త టీ గ్లాసు పట్టుకుని కుర్చీ వైపు వస్తున్న దాదా కూడా ఒక కాలు ముందుకి వేసి అలాగే నిలబడి ఉన్నాడు. కొంతసేపటికి ఆ సంగతి ఆయనకే తెలిసి, ఎవరైనా చూశారేమోనని ఇటూ అటూ చూశాడు. నేను మర్యాదగా ఆకాశం వైపు చూశాను.

నీ హిందీ బలహీనం, గొంతు బాగుంది, పాస్ అన్నాడు దాదా. నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, టీ ఒలికిపోతుందని వెనక్కి జరిగాడు.

ఆ సాయంత్రమే నాన్నగారికి ఫోన్ చేశాను. ఇంక దాచాలనిపించలేదు. "నాన్నగారూ, కోచింగ్ అయిపోయిందండీ. నేను కోచ్‌నయ్యాను" అన్నాను.

జన్మంతా రైల్వేలో గడిపిన మనిషి. కాస్త ఆలోచించి, "కోచ్ అవ్వడం ఏంట్రా? రైలుపెట్టెవా?" అన్నారు.

అప్పుడు మొదటినుంచీ చెప్పాను. ప్రిలిమ్స్ ఇక రాయనని కూడా చెప్పాను. ఫోన్లో ఆయన వెనక ఏదో గూడ్సుబండి వెళ్ళిపోతున్న చప్పుడు వినబడింది. అది పూర్తిగా వెళ్ళాక, "పర్మనెంటేనా?" అని అడిగారు.

"మేడమ్ మాటిచ్చారండీ."

"సర్లే. కుర్చీ తీసెయ్యమని మీ మావయ్యకి నేను చెబుతాలే. నువ్వు ఎండలో టోపీ పెట్టుకో" అన్నారు. ఆ మాటకి నేను కటవారియా సరాయ్ సందులో, పరాఠాల బండి పక్కన నిలబడి ఏడ్చాను. బండివాడు "క్యా హువా భయ్యా, ఫిర్ ఫెయిల్?" అని జాలిగా అడిగాడు. మా పేటలో ఎవరు ఏడ్చినా కారణం అదొక్కటే.

ఇప్పుడు నోయిడాలో ఉంటున్నాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కాబట్టి బడిలో పరుగెత్తే పని కుర్రవాళ్ళకి ఒప్పగించి, నేను కుర్చీలోనే ఉంటున్నాను (ఎక్కడికి పోయినా కుర్చీ తప్పలేదు). మొన్న సాయంత్రం కూరల సంచీతో ఒక పార్కు పక్కనుంచి ఇంటికి వస్తున్నాను. లోపల పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. కోచ్ కుర్రవాడెవరో నాకు తెలియదు. మాట తీరు చూస్తే మీరట్ వైపువాడిలా ఉన్నాడు. ఉన్నట్టుండి వాడు గట్టిగా అరిచాడు.

"ఆగూ!"

పిల్లలందరూ బొమ్మలైపోయారు. ఒక కొత్త పిల్ల మాత్రం పరుగెత్తేసి, నవ్వులపాలై, అదేం మాట సర్, ఏ భాష అని అడిగింది. ఆ కుర్రవాడు ఏమాత్రం తడుముకోకుండా "ఫుట్‌బాల్ కీ భాషా హై బేటా. హమారే సర్ భీ యహీ బోల్తే థే" అన్నాడు. ఇది ఫుట్‌బాల్ భాష, మా సార్ కూడా ఇలాగే అనేవారు అని. ఆ సార్ ఎవరో, లడ్డూయే పెద్దవాడై నేర్పాడో, ఇంకెవరో. లోపలికి వెళ్ళి, బాబూ, అది మా గూడెం మాట, మా అమ్మ మాట అని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆటలోకి వెళ్ళిపోయిన మాటని ఆటకే వదిలేద్దామనిపించింది. "ఆగే!" అని మళ్ళీ కేక వినబడింది, పిల్లలు పరుగు తీశారు. అప్పుడు చూసుకున్నాను, ఒక కాలు ముందుకి వేసి, సంచీ పట్టుకుని, అంతసేపూ నేను కూడా అక్కడే ఆగి ఉన్నాను.