మైకమ్మ పాటకు చేసిన మరమ్మతు

ఆసుపత్రి ఓపీలో రోగుల పేర్లు పిలిచే ఆవిడను అందరూ మైకమ్మ అనేవారు. ఎవరైనా మైకు ఇచ్చారా అంటే, లేదు. అవసరమే రాలేదు. చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఒక్క కేక వేస్తే, వరండా చివర కునుకు తీస్తున్న ముసలాయన కూడా ఉలిక్కిపడి "వస్తున్నా తల్లీ" అని లేచేవాడు. ఇరవై రెండేళ్లు అదే పని. సాయంత్రం ఇంటికొచ్చి, అదే గొంతు తగ్గించి, కూతురి బిడ్డను భుజాన వేసుకుని జోలపాట పాడేది. పది నెలల ఆ పిల్ల ఆ పాట లేనిదే రెప్ప వాల్చేది కాదు.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేయాలన్నారు. ప్రాణానికి భయం లేదుగానీ, గొంతు మునుపటిలా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేమన్నారు. మైకమ్మ తిన్నగా తమ్ముడింటికి వెళ్లింది.

"ఒరేయ్, నా జోలపాట రికార్డు చేసి పెట్టు. నా గొంతు పోయినా అది పిల్లకి మిగలాలి" అంది.

తమ్ముడు ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. ఇంట్లో వెనకగదే అతని స్టూడియో. తలుపుకు పాత పరుపు ఆనించి, బీరువా బార్లా తెరిచి, వేలాడే చీరల ముందు మైకు నిలబెట్టాడు. గోడలకు తగిలి వచ్చే మోత చీరలు పీల్చుకుంటాయట. ఆవిడ ఓపిగ్గా నాలుగుసార్లు పాడింది.

గడ్డ పోయింది. గొంతూ పోయింది. మూడు నెలలైనా గరగరమనే గుసగుస తప్ప గొంతు రాలేదు. ఓపీలో ఆవిడకు బదులు కరెంటు గంట బిగించి, ఆవిడను చీటీలకు ముద్ర కొట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పాట ఉంది కదా అని అంతా దిగమింగింది.

ఒక ఆదివారం పొద్దున తమ్ముడు ఆ పాట తెచ్చాడు. గొప్పగా నవ్వుతూ ఫోన్‌లో పెట్టాడు.

ఎవరో పాడుతున్నారు. ఇస్త్రీ చేసిన గుడ్డలా నున్నగా ఉంది. మైకమ్మ ప్రతి పాదం చివరా స్వరాన్ని మెల్లగా కిందికి జార్చేది, పిల్లను మంచం మీదికి దించినంత జాగ్రత్తగా. ఆ జారుడు లేదు. టక్కు టక్కుమని మెట్లు దిగుతున్నట్టుంది. ఒళ్లో ఉన్న పిల్ల ఫోన్ వైపైనా చూడలేదు.

"ఎవర్రా ఇది?" అంది గరగరగా.

"నువ్వే అక్కా! పిచ్ కరెక్షన్ పెట్టా. శ్రుతి తప్పిన చోటల్లా అదే లాగి దగ్గరి స్వరానికి అతికిస్తుంది. ఫుల్లుగా పెట్టేశా. ఊపిరి చప్పుళ్లు కూడా ఏరి పారేశా."

"తప్పిందని నీకెవడు చెప్పాడ్రా?"

వినండి, ఎంత పొగరో! ఆ పాట విని పెరిగినవాడే ఆ పాటకు తప్పులు దిద్దాడు.

"మావయ్యా, అసలుది పెట్టు" అంది కూతురు.

తమ్ముడు నీళ్లు నమిలాడు. "డిస్కు నిండిపోయిందే. మంచిది రెడీ అయింది కదా అని... అవన్నీ తీసేశా."

మైకమ్మ అరవడానికి నోరు తెరిచింది. గాలి వచ్చింది. కడుపు మండిపోతుంటే తిట్టడానికి కూడా గొంతు లేదు! అరచేత్తో బల్ల మీద ఫట్‌మని కొట్టింది. గిన్నెలు ఎగిరిపడ్డాయి. తమ్ముడు ఇంటికి పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు, తలెత్తలేక. "మూడోసారి పాడినప్పుడు చెడిపోయిన ముక్క ఒకటి ఉందక్కా. షాపులో వాళ్లకు వినిపించి నవ్వుకుందామని పక్కన దాచా" అని పెట్టాడు.

రెండు పాదాల పాట. జారుడుతో, ఊపిరితో. మూడో పాదంలో ఎవరో తలుపు బాదారు. వెంటనే, ఓపీలో కేకేసినట్టే, మైకమ్మ పాత గొంతు: "ఎవరయ్యా అది? లోపల మనిషి పాడుతుంటే వినబడట్లేదా? చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

పిల్ల చటుక్కున ఫోన్ వైపు తిరిగి రెండు చేతులూ చాచింది. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తిట్లు కట్ చేసి, పాట మాత్రం ఉంచనా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"చెయ్యి పెట్టావంటే విరగ్గొడతా" అంది మైకమ్మ.

ఆ మాట అతనికి వినబడటానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.