మా మరిదికి నేను పెట్టిన చప్పిడి పథ్యం

ఒక మనిషిని కత్తి పట్టకుండా, కర్ర ఎత్తకుండా, తెల్లవారి స్నానం చేసి దేవుడికి దీపం పెట్టి మరీ ఆసుపత్రి పాలు చెయ్యడం ఎలాగో నాకు తెలుసు. ఒకసారి చేసి చూపించాను కూడా. ఆ మనిషి మా మరిది. ఆయుధం నా వంట. చదివి మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, నా మనవలు ఎలాగూ నవ్వుతూనే ఉన్నారు. ఆ రోజు మాత్రం మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో నవ్విన మనిషి ఒక్కడూ లేడు.

డెబ్బయ్యో దశకం మొదటి రోజులవి. మా ఆయనా, ఆయన తమ్ముడు సింహాచలమూ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని చేసేవారు. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే ఉద్యోగం చేసి అక్కడే పోయారు కాబట్టి మాకు ఊరంటే ఖరగ్‌పూరే. సింహాచలం ఫిట్టరు. పెళ్లి కాలేదు, మా క్వార్టర్లోనే ఉండేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. అలాంటివాడు ఆ ఏడు ఎండలు ముదరక ముందే నిద్ర మానేశాడు. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. ఒకరోజు మా వరసలో ఉన్న క్వార్టర్లన్నిటి కుళాయిలూ ఒక్క దెబ్బకి బాగుచేసేస్తానని బయల్దేరి, అన్నిటినీ ఊడదీసి వాకిట్లో వరసగా పరిచాడు. అన్నీ విప్పాక బిగించడం మీద ఆసక్తి పోయి, పాట అందుకున్నాడు. వరసంతా బిందెలు పట్టుకుని పక్క వీధి మీద పడ్డాం.

ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచారు. మనసుకి వచ్చే జబ్బని చెప్పారు. లిథియం అనే మందు మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే బాగా పని చేసింది. మళ్లీ మా పాత సింహాచలం అయ్యాడు, అడిగితే తప్ప పలకడు. ఇక మిగిలింది ఉద్యోగం. డాక్టరు చూసి ఫిట్ అంటేనే డ్యూటీలోకి తీసుకుంటారు. ఫిట్టరు చెయ్యి వణికితే వర్క్‌షాపు గేటు దాటనివ్వరు. వాడికి ఆ ఉద్యోగం తప్ప ఇంకో బతుకు తెలియదు.

ఇంటికి పంపే రోజున మాలతీ దీదీ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ ఆ వార్డు నర్సు. బెంగాలీ మనిషి. రోగుల్లో సగం మంది మనవాళ్లే కావడంతో తెలుగు నేర్చుకుంది, అదీ మా కాలనీ తెలుగే. నన్ను మాత్రం వాళ్ల భాషలో బౌదీ, అంటే వదినా, అని పిలిచేది.

"ఇటు సూడు బౌదీ. ఈ మాత్ర పొద్దుట ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక. బాగైపోనాడని నువ్వే ఆపీకూడదు. నీళ్లు బాగా తాగాల. ఉప్పు రోజూ తిన్నట్టే తినాల. ఎక్కువొద్దు, తక్కువొద్దు. వాంతులైనా, విరేచనాలైనా, సేతులు బాగా వణికినా, నడక తూలినా, మాత్ర ఆపి ఎంటనే ఇక్కడికి తేవాల. ఠీక్ హై?"

"ఆఁ, ఆఁ."

"ఐతే నేనేటి సెప్పినానో ఓపాలి సెప్పు."

నేనేం చెబుతాను? ఆవిడ చెబుతున్నంతసేపూ నా కళ్లు వార్డు కప్పు మీదున్నాయి. పట్టపగలు దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఎవడబ్బ సొమ్మని అలా తగలేస్తున్నారో అని వాటిని లెక్కపెడుతున్నాను. బుర్ర అయితే అప్పటికే ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

"పిల్లల్ని కని పెంచినదాన్ని దీదీ. మందియ్యడం నాకు తెల్దేటి? బయట రిక్షా ఆగుంది."

"నేనిన్నాను దీదీ," అన్నాడు సింహాచలం మంచం మీంచి.

"నువ్విన్నావు బాబూ. వండేది ఆవిడ కదా," అంది దీదీ.

ఇక్కడ మా పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. మా వాళ్లలో మందు బలం తెలిసేది మందుని బట్టి కాదు, పథ్యాన్ని బట్టి. పచ్చకామెర్లకి పథ్యం, బాలింతకి పథ్యం, కుక్క కరిస్తే పథ్యం. ఎంత పెద్ద మందో అంత గట్టి పథ్యం. అన్నాళ్లు ఆసుపత్రిలో పెట్టి ఇచ్చిన మందుకి పథ్యమే లేదంటే అది మందు కాదు, చాక్‌పీసు. దీదీకి తెలియదు పాపం, జ్వరంలో కూడా చేపల పులుసు తినే జాతి అనుకున్నాను. ఆవిడ మరిచిపోయినదాన్ని నేనే పూర్తి చేద్దామని, పథ్యాల్లో కెల్లా పెద్దది, చప్పిడి పథ్యం పెట్టాను. ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు. పాతబియ్యం అన్నం, ఉడకేసిన బీరకాయ, పెసరకట్టు. అటక మీది పచ్చడి జాడీ కిందికి దిగకపోవడం చూసి, ఖర్చు మిగిలిందని లోపల్లోపల సంతోషించిన మాట కూడా దాచను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని సింహాచలం ఆగిపోయాడు.

"ఒదినా, ఉప్పెయ్యడం మర్సిపోనావు."

"మర్సిపోలేదు. పథ్యం."

"దీదీ ఉప్పు మానొద్దన్నాది ఒదినా. ఎప్పుడూ తిన్నంత తినమన్నాది."

"అన్నాది, అన్నాది. నీకలగే ఇనిపిస్తాది. తిను."

గమనించారా? ఆ ఇంట్లో నర్సు మాటలు పొల్లుపోకుండా గుర్తున్నవాడు వాడొక్కడే. తలకి జబ్బు అని మేమందరం అనుకుంటున్నదీ వాడినే.

మా ఆయన చెయ్యి కడుక్కుంటూ నసిగారు. "ఓలే, ఓపాలి దీదీనడిగితే పోద్ది కదా?"

"కుళాయిలూడదీసినోడి మాటట్టుకొని రిక్షా కట్టించుకోమంటావేటి?"

రిక్షా అనేసరికి ఆయన నోరు మూతపడింది. పొదుపులో ఆయన నాకు శిష్యుడు.

కొద్ది రోజులకి సింహాచలం చేతులు సన్నగా వణకడం మొదలైంది. గ్లాసు పెదవికి తగిలి టకటకమనేది. మామూలు మనిషైతే ఏమనుకుంటుంది? పథ్యం పడలేదనుకుంటుంది. నేనేమనుకున్నానో చెప్పనా? పథ్యం ఎక్కడో చెడుతోందనుకున్నాను. వీడెక్కడో దొంగచాటుగా ఉప్పు తింటున్నాడు!

అపరాధ పరిశోధన మొదలుపెట్టాను. సాయంత్రం వాడు పెరటి వైపు నుంచి వస్తుంటే మీసం మీద ఒక మరమరం గింజ కనపడింది. పోలీసుకి వేలిముద్ర దొరికినట్టయింది. తిన్నగా పక్క క్వార్టరు గోడ దగ్గరికి వెళ్లాను. ఆ ఇంటి బెంగాలీ బౌది రోజూ సాయంత్రం మరమరాల్లో ఆవనూనె, ఉల్లిపాయ, ఉప్పు, పచ్చిమిరప కలిపి, మురీ అని ఇంటిల్లిపాదికీ పెడుతుంది.

"బౌదీ, మా వాడికి మురీ పెడతన్నావా?"

"ఓ మా! రోజూ వస్తాడు, గుప్పెడు తింటాడు. దాంట్లో ఏముంది?"

"దాంట్లో ఉప్పుంది. పథ్యం సెడిపోతంది. ఇకమీదట పెట్టకు."

"మనిషి ఆకలిగా చూస్తాడు. మా కుక్క కూడా అలా చూడదు."

"సూడనీ."

అక్కడితో ఆగలేదు. మలుపులో పకోడీల బండివాడికి చెప్పాను. టీ కొట్టు వాడికి చెప్పాను. మా వరసలో ఉన్న తెలుగు ఇళ్లన్నిటికీ గడప గడపకీ వెళ్లి చెప్పాను. "మా సిమ్మాచలానికి ఉప్పు తగలనీకండి, మందులో ఉన్నాడు." అందరూ బుద్ధిగా తలలూపారు. ఉప్పు మీద నేను పెట్టినంత కాపలా తెల్లదొరలు కూడా పెట్టలేకపోయారు.

అసలు సంగతేమిటంటే, అన్నాళ్లూ వాడిని నిలబెట్టింది ఆ గుప్పెడు మురీయే. దాన్ని కూడా ఆపించాను కదా, ఇక మనిషి జారిపోయాడు. పైగా ఎండలు. ఫ్యాను కింద కూర్చున్నా చెమట. విరేచనాలు పట్టుకున్నాయి. నడిస్తే ఒక పక్కకి తూలుతున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. "లోపలున్న ఏడి బయటికి పోతంది, మంచిదే," అని మా ఆయనకి ధైర్యం చెప్పాను. ఇంకా బాగా పోవాలని ఆముదం కూడా పట్టేదాన్నే. సీసా ఖాళీ అయిపోయింది, కొత్తది కొనడానికి మనసొప్పలేదు. నా పిసినారితనం మా మరిదికి చేసిన మేలు అదొక్కటే.

ఫిట్ పరీక్ష దగ్గరపడింది. ఒక రోజు పొద్దున్న వాడు గుమ్మం దగ్గర కూర్చుని రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంటున్నాడు. గాలికి ఆకులు ఊగినట్టు ఊగుతున్నాయి.

"ఈ సేతుల్తో నట్టట్టుకోలేను ఒదినా," అన్నాడు. "దీదీ సెప్పింది ఇదే. మాత్ర ఆపి తీసుకురమ్మన్నాది. నన్ను తీసుకెల్లండి."

"ఇంకొక్క రోజు పథ్యం గట్టిగా..."

నా మాట పూర్తికాలేదు. గోడ అవతలి నుంచి బౌది కొంగు నడుముకి దోపుకుంటూ వచ్చేసింది.

"రిక్షా పిలిచాను. నువ్వు తీసుకెళ్తావా, నేను తీసుకెళ్లాలా?"

పరాయి ఆడది మా మరిదిని ఆసుపత్రికి తీసుకెళ్తే కాలనీలో తలెత్తుకోగలనా? ఎక్కాను రిక్షా. చూడండి, అప్పుడు కూడా నన్ను కదిలించింది భయం కాదు, పరువు.

ఆసుపత్రిలో డాక్టరు చూసి గబగబా ఏవో చెప్పారు. మాత్ర ఆపమన్నారు, రక్తం తీశారు. దీదీ సీసా ఒకటి తెచ్చి వేలాడదీసి సూది గుచ్చింది. నేను స్టూలు మీద కూర్చుని చుక్కలు పడడం చూస్తున్నాను.

"దీదీ, ఆ సీసాలో ఏటుంది?"

"ఉప్పు నీళ్లు."

నేను చిటికెడు చిటికెడుగా దాచిందంతా వాళ్లు సీసాలో పోసి నేరుగా నరంలోకి ఎక్కిస్తున్నారు. 'పథ్యం సెడిపోద్దేమో దీదీ' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ వ్యవహారం మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదే.

దీదీ నా ఎదురుగా నిలబడింది. "ఇంట్లో ఏటి పెట్టినావు?"

చెప్పాను. బీరకాయ దగ్గర మొదలుపెట్టి పకోడీల బండి దాకా చెప్పాను. ఆవిడ నుదురు పట్టుకుంది.

"ఒంట్లో ఉప్పు తగ్గిపోతే ఈ మందు బయటికి పోదు బౌదీ. లోపలే పోగైపోద్ది. అప్పుడది మందు కాదు, విషం. అందుకే కదా ఉప్పు తగ్గించొద్దన్నాను! ఇతను నీకు సెప్పనేదా?"

"సెప్పినాడు."

"మరి?"

"జబ్బు మాటలనుకున్నాను."

"కడుపులో జబ్బున్నోడు దాహమంటే నీళ్లిస్తావు. మనసులో జబ్బున్నోడు దాహమంటే అబద్దమైపోద్దా?"

ఇంట్లో ఎవరికి ఎదురు చెప్పాలన్నా నేనే, కాని ఆవిడ ముందు నేల చూస్తూ కూర్చున్నాను. మంచం మీంచి సింహాచలం నీరసంగా నవ్వాడు. "పోనీ దీదీ, ఏటనకు. ఒదిన వంటకి ఉప్పున్నా అలగే ఉంటాది," అన్నాడు. వాడికి నయమవుతోందని నాకు అప్పుడే తెలిసింది.

వాడు తేరుకున్నాక డాక్టరు మందు మళ్లీ కొద్దిగా మొదలుపెట్టి, రక్తం చూసుకుంటూ సర్దారు. ఇంటికి పంపే రోజున దీదీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అప్పజెప్పు." బడిలో పంతులు ముందు ఎక్కం తప్పినప్పుడు కూడా అంత చెమట పట్టలేదు నాకు.

"మాత్ర అన్నం తిన్నాక. నీళ్లు బాగా. ఉప్పు... ఉప్పు... మామూలుగా."

"నీ మామూలా, మామూలు మామూలా?"

"అందరం తిన్నంత!"

"బాగైపోతే?"

"మాత్ర మానకూడదు."

"సేతులు వణికితే?"

"పథ్యం..." అన్నాను అలవాటు కొద్దీ. దీదీ కళ్లు చూసి దిద్దుకున్నాను. "మాత్ర ఆపి, రిక్షా!"

ఫిట్ పరీక్షకి మళ్లీ పిలుపొచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. వాడి ఉద్యోగం పోతే పోయేది జబ్బు వల్ల కాదు, నా వల్ల. ఆ రోజున మా ఆయన డ్యూటీలో ఉంటే నేనే వెంట వెళ్లాను. డాక్టరు వాడిని చేతులు చాపమన్నారు. చాపాడు. గోడకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి, కదల్లేదు.

"ఇంట్లో మందు సంగతి ఎవరు చూస్తారు?" అని అడిగారు డాక్టరు.

నేను నోరు తెరిచేలోగా సింహాచలం, "నేనేనండి. ఒదిన అన్నం వండుతాది, అంతే," అన్నాడు.

డాక్టరు ఫిట్ రాసేశారు. మాలతీ దీదీ నా వైపు చూసి, "ఇతను డ్యూటీకి ఫిట్. వదినగారిని మాత్రం ఇంకొన్నాళ్లు అబ్జర్వేషన్‌లో పెట్టాల," అంది. గదిలో అందరూ నవ్వారు. మా మరిది అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ మర్నాడు వాడు టిఫిన్ డబ్బా పట్టుకుని వర్క్‌షాపుకి వెళ్లాడు. రిటైరయ్యేదాకా వెళ్లాడు. తర్వాతెప్పుడో మా ఆయనకి రక్తపోటు వచ్చి, ఉప్పు తగ్గించాలని డాక్టరు చెబితే, నేను ఆ మాట రెండుసార్లు అప్పజెప్పి మరీ వచ్చాను. మా ఆయన మొదటి ముద్ద తిని, "ఓలే, తమ్ముడి మాత్రలు నాకూ రాయించకూడదేటి?" అన్నారు.

కాబట్టి, ఇది చదివేవారి సాక్షిగా, నా చేతి గరిటె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. డాక్టరు చెప్పని పథ్యం ఇకమీదట నా చేత్తో ఎవరికీ పెట్టను. జబ్బు మనిషి ఉప్పు తక్కువైందంటే ముందు కూర రుచి చూస్తాను, మనిషిని ఆ తర్వాతే అనుమానిస్తాను.